సున్నా దగ్గర మేకు

పోయిన ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఈ వయసులో, రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని నిలబడి, తాళ్లతో నేలకు కట్టేసిన ఒక మోటారు సైకిలు ఉన్నచోటునుంచి అంగుళం కదలకుండా గంటకు నూట ముప్పై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడం చూశాను. నా పక్కన మా బావ సూరిబాబు దూది పెట్టుకోకుండానే నిలబడ్డాడు. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన బతికిన ఆ చెవులకు ఇక పోయేదేమీ లేదు. మా ఆవిడ రత్నం, అంటే మా బావకు సొంత చెల్లెలు, చీర కొంగుతో చెవులు మూసుకుని కళ్లు మాత్రం బాగా విప్పి చూస్తోంది. ముగ్గురి వయసులూ కలిపితే రెండు వందల ఇరవై దాటుతాయి. ఆ షెడ్డులో మాకంటే ఆనందంగా ఎవరూ లేరని మాత్రం ఖాయంగా చెప్పగలను.

షెడ్డు మౌనికది. మౌనిక మా బావ మనవరాలు. ఇంజనీరింగ్ చదివి, చెన్నైలో రెండేళ్లు ఒక రేసు జట్టు దగ్గర ఇంజన్లు విప్పి బిగించి, ఇప్పుడు విజయనగరం రింగు రోడ్డు పక్కన సొంతంగా పని మొదలుపెట్టింది. కుర్రకారు తమ బండ్లను ఇంకా జోరుగా లాగేట్టు చేయించుకోవడానికి అక్కడికి తెస్తారు. అక్కడ డైనో అనే యంత్రం ఉంది. బండి వెనక చక్రాన్ని నేలలో అమర్చిన బరువైన ఇనుప రోలరు మీద నిలబెట్టి తోలితే, ఆ రోలరును ఎంత బలంతో తిప్పగలుగుతోందో కంప్యూటరు తెర మీద గీత గీసి చూపిస్తుంది. గీతను చూసి, ఇంధనం ఎక్కడ తక్కువైందో ఎక్కడ ఎక్కువైందో తెలుసుకుని, సరిచేసి, మళ్లీ తోలుతారు. ఆ పిల్ల నాకు ముందురోజే ఫోను చేసి, "డైరీ తాతా, ఆ గోగునార డైరీ మర్చిపోకుండా తే" అంది. మా కుటుంబంలో పిల్లలందరూ నన్ను పిలిచేది అలాగే. పదిహేనో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ ఒక్కరోజు మానలేదు. మొదటి వరుసలో వాతావరణం, తరువాత తిన్నది, తిరిగినది, ఖర్చయినది. అట్ట ఊడిపోయిన ఆ ఒక్క సంవత్సరం డైరీని గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లాను.

మౌనిక తెర పక్కన వేలాడుతున్న చిన్న డబ్బా చూపించి, "ఇది గదిలో వేడి, తేమ సూస్తాది తాతా. గాలిలో తడెక్కువైతే ఇంజను కొంచెం తక్కువ లాగుతాది. ఆ తేడా కంప్యూటరే లెక్కేసి అంకె సరిచేసేస్తాది" అంది.

"ఏటి సేస్తాదంట?" అన్నాడు బావ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"తడికి అంకె మారుస్తాదంట బావా!" అని నేను అరిచాను.

బావ ఒక్క క్షణం ఆ డబ్బాకేసి చూశాడు. తరువాత భుజాలు ఎగిరిపడేలా నవ్వడం మొదలుపెట్టాడు. "ఓర్నాయనో! అయితే దీనికీ తడి తరుగు ఉన్నాదన్నమాట! మా నాన్న సూసుంటే దండం పెట్టేసును!" అన్నాడు. షెడ్డులో పనిచేసే వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. రత్నం మాత్రం మొహం పక్కకు తిప్పేసుకుంది. ఆ మొహం తిప్పుకోవడం వెనక ఏముందో నాకు ఇంకో గంటకు గానీ తెలియలేదు.

మా మావయ్య, అంటే మా అమ్మకు అన్నగారు, సూరిబాబుకూ రత్నానికీ నాన్న, నెల్లిమర్లలో గోగునార సావుకారు. చుట్టుపక్కల పల్లెల రైతులు గోగుమొక్కలు కోసి, చెరువుల్లో నానబెట్టి, నార తీసి ఎండబెట్టి కట్టలు కట్టి తెస్తే, తూచి కొని, జూట్ మిల్లుకు పంపేవాడు. ఇల్లు, కొట్టు, గోడౌను ఒకే వరుసలో ఉండేవి. నేను డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం కాగితం కోసం ఎదురుచూస్తూ, మా ఊరు పాతపట్నంలో ఖాళీగా తిరగడం కంటే మావయ్య ఇంట్లో ఉంటే విజయనగరం ఆఫీసులు దగ్గరవుతాయని ఆ వానాకాలం అక్కడికి వెళ్లాను. పొద్దున్నే మిల్లు కూతకు ఇల్లు లేచేది. ఆ కూతతో పాటే అత్తయ్య పొయ్యి మీద ఎసరు పెట్టేది. గోడౌను నుంచి నానిన నార వాసన వచ్చేది. కొత్తవాళ్లు ముక్కు మూసుకునే వాసన అది. మూడు రోజులుంటే అలవాటవుతుంది, నెల ఉంటే అది లేనిచోట అన్నం సయించదు. దాని మీద అత్తయ్య తలకు రాసుకునే ఆముదం వాసన, మావయ్య వక్కపొడి వాసన. ఇన్నేళ్ల తరువాత కూడా గోనెసంచి తడిస్తే చాలు, నేను కాసేపు ఇరవై రెండేళ్ల వాణ్ని అయిపోతాను.

మావయ్యకు తూచనిదేదీ నిజం కాదు. గోడౌను దూలానికి పెద్ద గుండ్రటి స్ప్రింగు కాటా వేలాడేది. పూర్ణచంద్రుడంత మొహం, మధ్యలో నల్ల ముల్లు, కింద కొక్కెం. పొద్దున చేతులు కడుక్కుని దాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. పనసకాయ కొన్నా దాని మీదే, దూడ పుట్టినా దాని మీదే. నేను ట్రంకుపెట్టెతో దిగిన రోజున యోగక్షేమాలు అడగకముందే కొక్కేనికి కట్టిన తాడు ఉయ్యాల్లో కూర్చోబెట్టి నన్ను తూచాడు. కాలేజీలో అరవై ఉన్నవాణ్ని యాభై ఆరే తూగాను. "హాస్టలోళ్లు నిన్ను తినేసినార్రా" అన్నాడు మావయ్య. నేనూ అదే నమ్మి, డైరీలో అదే రాసుకుని, అత్తయ్య పెట్టిన రెండో వాయి కూడా తిన్నాను.

సూరిబాబు ఈ కాటా దగ్గరకు వచ్చేవాడు కాదు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఒక పాత రెండువందల యాభై సీసీ టూ-స్ట్రోక్ బండి సంపాదించి, గోడౌను వెనక పాకలో రోజంతా దాని కింద పడుకునేవాడు. కొట్టులో గద్దె మీద కూర్చునేది రత్నం. తండ్రి భోజనానికి లేస్తే ఆ పిల్లే తూయించి, చీటీ రాసి, రైతులతో దెబ్బలాడి, గెలిచి, వాళ్లకే మజ్జిగ పోసి పంపేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవయింది. బావ ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుంటానన్నాడు. మావయ్య విస్తరిలోంచి తల ఎత్తలేదు.

"బండి బండి అంటన్నావు. ఎంత తూగుతాదిరా అది?"

"బండిని తూయడమేటి నాన్నా? దాని బలం గుర్రాల్లో సెప్తారు."

"గుర్రాలు నాకు తెలీవు. నాకు కాటా తెలుసు. నీ బండి నా కాటాని ఎంత లాగుతాదో సూపించు. వంద కేజీలు లాగిందా, గోడౌనులో రోడ్డేపు సగం నీది. బోర్డు కట్టుకో. లాగనేదా, కొత్త నార బండి వాకిట్లోకొచ్చిన రోజున వచ్చి గద్దె మీద కూకో. మరింక జన్మలో ఆ బండి ఊసెత్తకు."

"మాటేనా?"

"సావుకారుకి రెండు మాటలుంటాయేటిరా?"

"ఉంటాయి, కొన్నప్పుడోటి, అమ్మినప్పుడోటి" అంది రత్నం, చారు పోస్తూ. మావయ్య ఆ మాట వినబడనట్టు చారు జుర్రుకున్నాడు.

అలా మొదలైంది. బావ బండిని సరిగ్గా కాటా కింద నిలబెట్టి, నేలలోని ఇనుప కడియాలకు గొలుసులతో బిగించాడు. వెనక టైరు తీసేసి, ఉత్తి రిమ్ముకు మణికట్టంత లావు గోగునార మోకు ఒక చుట్టు చుట్టాడు. మోకు పైకొస కాటా కొక్కేనికి, కిందికొస అతని చేతిలో ఉన్న మీటకు. మీట నొక్కితే మోకు బిగుసుకుని చక్రాన్ని పట్టుకుంటుంది, చక్రం మోకును లాగుతుంది, మోకు కాటాను లాగుతుంది. స్పీడోమీటరు తీగను వెనక చక్రానికి కలిపాడు. పద్ధతి ఏమిటంటే, బండిని మూడో గేరులో పూర్తిగా లేపి, స్పీడు అరవైకి దిగి నిలబడేదాకా మోకు బిగించాలి. ఆ క్షణాన కాటా ముల్లు ఎక్కడుందో చూడాలి. చూసి రాయడం నా పని. మోకు కాలిపోకుండా నీళ్లు పోయడం రత్నం పని. ఐదు క్షణాలు దాటితే మోకు పొగలు కక్కేది. కాలిన నార, ఆవిరి, పెట్రోలు పొగ, వీటన్నిటి మధ్యలో చెంబు పట్టుకుని దగ్గుతూ నవ్వే రత్నం.

మొదటి రోజు ముల్లు ఎనభై ఒకటి దగ్గర ఆగింది.

నేను పద్ధతి మనిషిని కనక మొదటి రోజే ఒక నియమం పెట్టాను. రోజుకు ఒక్క మార్పే. రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి పరీక్షకు ముందు నేను కాటా కిందికి వెళ్లి, తల ఎత్తి, ముల్లును చూసి, "కాటా సున్నా" అని డైరీలో రాసేవాణ్ని. రత్నం చెంబు నింపుకుంటూ, "బావా, సున్నా సరిగ్గా సూసేవా?" అనేది. "చూశాను." "బాగా సూసేవా?" "రెండుసార్లు చూశాను రత్నం." "అలాగైతే సరే" అని పెదవి కొరుక్కునేది. నా జాగ్రత్తను మెచ్చుకుంటోందని అనుకునేవాణ్ని.

బావకు ఆ నియమం గొంతు మీద కత్తి. పొద్దున్న సిలిండరులో పొగ బయటికి పోయే పోర్టు అంచు ఆకురాయితో అరగదీసి, మధ్యాహ్నం నాకు తెలియకుండా కార్బురేటరులో పెట్రోలు దిగే జెట్టు మార్చేసేవాడు. నేను ప్లగ్గు విప్పి రంగు చూసి పట్టుకునేవాణ్ని. ప్లగ్గు మూతి బిస్కట్ రంగులో ఉంటే ఇంధనం పాళ్లు సరిపోయినట్టు, మసిబారితే ఎక్కువైనట్టు, సున్నంలా తెల్లబడితే పిస్టన్ కరిగిపోయే ముందు ఇచ్చే హెచ్చరిక. "నీతో దొంగతనం కూడా సెయ్యలేంరా బాబూ" అని జెట్టు మళ్లీ విప్పేవాడు. సైలెన్సరు కోసం నూనె డబ్బాలు కోసి, డబ్బాల పనివాడి చేత కడుపుతో ఉన్న పాములా ఒక గొట్టం అతికించాడు. దానితో ఒక్కరోజులో ఎనభై ఎనిమిదికి ఎక్కింది. మామూలు ఆయిలు బదులు పెట్రోల్లో ఆముదం కలిపితే పిస్టన్ పట్టెయ్యదని ఎక్కడో విని, అత్తయ్య సీసా ఖాళీ చేశాడు. ఆ రోజు బజారంతా తలంటు వాసన. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఒరే, నా జుత్తుకున్న నూనె ఆ బండి జుత్తుకి రాసినావేటిరా!" అని అరుస్తుంటే, ఎదురింటి చాకలామె, "ఊరుకో అమ్మా, బండి నిగనిగలాడతన్నాది" అంది. ఆ రోజు తొంభై మూడు. నేను డైరీలో "ఆముదం: అయిదు. అత్తయ్య: కోపం" అని రాసుకున్నాను.

ఆశ్వయుజం వచ్చేసరికి తొంభై ఆరు ఎక్కింది. అక్కడ పట్టేసింది. ఏం చేసినా తొంభై ఆరు, ఒకరోజు తొంభై ఏడు, మళ్లీ తొంభై ఆరు. ఎనిమిది రోజులు. బావ చేతులు కాలిన సైలెన్సరు తగిలి బొబ్బలెక్కాయి, మాట తగ్గిపోయింది. చెరువుగట్ల మీద కొత్త నార ఆరుతోంది. నేను సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. వంద రాగానే పాతపట్నం వెళ్లిపోతానని అందరికీ చెప్పినవాణ్ని, కానీ ఆ ఎనిమిది రోజులూ నాకు చాలా బాగున్నాయి. ఇంజను చల్లారేదాకా ప్రతిసారీ అరగంట ఆగాలి. ఆ అరగంటలో రత్నం నార కట్ట మీద కూర్చుని, "ఈ యేళ ఏటి రాసినావు, సదువు" అనేది. చదివేవాణ్ని. "నా సెంబులెన్నో రాయలేదేటి?" అనేది. మరునాటి నుంచి రాశాను. ఏడు చెంబులు, తొమ్మిది చెంబులు. పదకొండు చెంబుల రోజున, "ఇంత శ్రద్ధగా ఇంకేటి రాస్తావు బావా?" అంది. నేను ముల్లు చూడడానికి లేచాను. ఇంజను అప్పటికి స్టార్టే చేయలేదు.

కొత్త నార బండ్లు ఒక్కసారిగా మూడు వచ్చాయి. పదిహేను మంది రైతులు, వాళ్లతో వచ్చిన ఆడవాళ్లు, కట్టలు దించకుండానే సంగతి తెలుసుకుని గోడౌనులో మూగారు. మావయ్య కుర్చీ వేయించుకుని కాటాకు ఎదురుగా కూర్చున్నాడు. మూడు తూకాలు అన్నాడు, సరుకుకు ఇచ్చినట్టే. నేను తల ఎత్తి చూసి "కాటా సున్నా" అని పైకి చదివాను. రత్నం ఆ రోజు ఏమీ అడగలేదు. తండ్రి మొహంకేసి మాత్రం చూసింది.

మొదటిసారి తొంభై ఆరు. రెండోసారి తొంభై ఆరున్నర. మూడోసారి బావ తన బరువంతా మీట మీద వేశాడు. మోకు అంచు నిప్పులా రాజుకుంది, రత్నం చెంబు కాదు, బకెట్టే ఎత్తి కుమ్మరించింది, దూలం మూలిగింది, ఆముదం పొగలో ముల్లు వణుకుతూ తొంభై ఏడు దగ్గర నిలబడింది. అక్కణ్నుంచి పైకి పోలేదు. బావ ఇంజను ఆపేశాడు. చేతి గుడ్డ విప్పి, మడిచి, సీటు మీద పెట్టాడు. స్పానరు తెచ్చి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద ఉంచి, "రేపట్నుంచి కూకుంటాను నాన్నా" అన్నాడు.

మావయ్య స్పానరుకేసి చూశాడు, కొడుకు చేతుల మీది బొబ్బలకేసి చూశాడు, కాటాకేసి చూశాడు, పదిహేను మంది రైతులకేసి చూశాడు. నోట్లో వక్క నమలడం ఆగిపోయింది. ఆయన మెడ వెనక చెమట పట్టడం నాకు కనబడింది. చివరికి నావైపు తిరిగి, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా, "ఒరే, దానికి నాలుగు కలుపు" అన్నాడు.

"ఎందుకు మావయ్యా?"

"కలపమన్నాను గదా, కలుపు!"

"ఎందుకో తెలియకుండా ఎలా కలుపుతాను? ఏమని రాయను?"

నా పద్ధతి మీద నాకు ఎప్పుడైనా కోపం వచ్చిందంటే అది తరువాత ఆ క్షణం గుర్తొచ్చినప్పుడే. మావయ్య లేచి నిలబడి ఇక దాచలేక గట్టిగా చెప్పేశాడు. "ఆ సున్నా దగ్గర మేకున్నాదిరా! ముల్లు వెనక్కెల్లకుండా మేకు కొట్టించినాను. స్ప్రింగు నాలుగు కేజీలు వెనక్కున్నాది. ముందర నాలుగూ ఆ కాటా తినేస్తాది, తరవాతే ముల్లు లేస్తాది. నార తడిగా తెస్తన్నారని, తడికింద తరుగు! సాలా?"

సాలా అన్న మాట గోడౌనులో మోగింది. సావుకారు తన కాటా దొంగదని రైతుల ఎదుట తనే చెప్పాడు. ఇక రేపటి నుంచి ఒక్క కట్ట కూడా ఈ వాకిట్లోకి రాదనుకున్నాను. బావ మొహం పాలిపోయింది. అప్పుడు ముందువరుసలో ఉన్న ఒక ముసలి రైతు తలపాగా సర్దుకుని, "ఓస్, అదా? మాకు తెలీదేటి బాబూ! మీ కాటా నాలుగు తింటాదనే గదా, ఇంటికాడ బయల్దేరేటప్పుడు కట్టకి నాలుగు సెంబులు సల్లుకుని మరీ వస్తన్నాం!" అన్నాడు.

మావయ్య నోరు తెరిచి, "సల్లుకుని వస్తన్నారా? దొంగనాయాళ్లారా!" అన్నాడు. అంతే, గోడౌను కూలిపోయేలా నవ్వులు. రైతులు నవ్వారు, మావయ్య కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు, అత్తయ్య గుమ్మంలో నవ్వింది. "నూటొకటి!" అని రత్నం ఖాళీ బకెట్టు వాయించింది. బావ మాత్రం నవ్వలేదు. స్పానరు తీసుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మరునాడు మావయ్య మేకు పీకించి, ముల్లును సున్నాకు సరిచేయించాడు. రైతులు తడపడం మానడానికి ఇంకో పది రోజులు పట్టింది. అలవాటు కదా. ఆ తరువాత మావయ్య నన్ను మళ్లీ తూచాడు. అరవై ఆరు. నా ఉద్యోగం కాగితం వచ్చేలోపు పెళ్లి మాటలు కూడా అయిపోయాయి.

ఇదంతా ఆదివారం మౌనిక షెడ్డులో గట్టిగా చెప్పుకున్నాం. ఇప్పటి డైనోలో మోకు లేదు, పొగ లేదు, నీళ్లు పోసే మనిషి అక్కర లేదు. క్షణంలో గీత వస్తుంది, అబద్ధం ఆడదు. మౌనిక ఒక్క ఉదయంలో ఆరు మార్పులు చేసి ఆరు గీతలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆ యంత్రం ముందు నా రోజుకొక్క మార్పు నియమం ఎడ్లబండే. కానీ ఆరు పరీక్షలకు కలిపి వాళ్లు ఆగింది పది నిమిషాలు. మాకు ప్రతిసారీ అరగంట. నాకు మటుకు ఇంజను కంటే చల్లారే ఆ అరగంటలే గుర్తున్నాయి.

పక్కన బండి రోలరు మీద నెమ్మదిగా తిరుగుతుంటే, మౌనిక నా డైరీ ముందు పెట్టుకుని అంకెలన్నిటికీ నాలుగేసి కలుపుతూ పోతోంది. ఒకచోట వేలు ఆగింది.

"తాతా, ఇక్కడ తొంభై ఆరు. నాలుగు కలిపితే వంద. అంటే నార బండ్లు రావడానికి ఎనిమిది రోజుల ముందే వంద లాగేసింది!"

ఇన్నేళ్లలో ఈ లెక్క నేను వెయ్యలేదు. అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఉంచడమే నా పద్ధతి.

"మరి మామ్మా, కొట్టులో కూకునేదానివి నువ్వే గదా. మేకు సంగతి నీకు తెలీదా?" అని మౌనిక రత్నం వైపు తిరిగింది.

రత్నం కొంగు అంచు మడతపెట్టడం మొదలుపెట్టింది. "తెలీకేటి. చిన్నప్పట్నుంచీ తెలుసు. మొదట్లో నాన్న పరువని సెప్పలేదు. ఆఖర్న నాన్న నోరిప్పకపోతే నేనే సెప్పేద్దునులే."

"తొంభై ఆరొచ్చిన రోజునైనా నాకొక్కడికి చెవిలో చెప్పొచ్చుగా?" అన్నాను.

"సెప్తే నువ్వు ఆ డైరీ మూసేసి, పెట్టె సర్దుకుని, మర్నాటి బస్సుకి పాతపట్నం ఎల్లిపోదువు" అంది రత్నం, నా వైపు చూడకుండా. "అప్పటికింకా నువ్వు నా సెంబులు లెక్కెట్టడం మొదలెట్టనేదు."

"ఏటంటన్నాదిరా?" అని బావ నా భుజం కుదిపాడు. అతనికి వినబడాలంటే అరవాలి. అరిచాను. "నన్ను ఆపడానికి ఎనిమిది రోజులు చెప్పకుండా ఊరుకుందంట బావా!" సరిగ్గా ఆ క్షణాన మౌనిక మనుషులు బండి ఆపేశారు. రోలరు నిలిచిపోయింది. నా అరుపు మాత్రం రేకుల షెడ్డంతా తిరిగి, రింగు రోడ్డు మీద టీ తాగుతున్న వాళ్ల దాకా వెళ్లింది.

బావ కళ్లు పెద్దవి చేశాడు. "ఒసే రత్నం! ఎనిమిది రోజులు నా సేతులు కాల్చుకున్నాను గదే!"

"కాలితే కాలేయి. నీళ్లు నేను పొయ్యనేదేటి?" అంది రత్నం.

ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. మర్నాడు చూసుకుంటే, పదిహేనో ఏట నుంచి మొదటిసారి, వాతావరణం రాయడం మరిచిపోయాను.